నీచు మానేశాక విస్తట్లో ఏముంది?

(ఒడిశాలోని రాయగడలో తెలుగు కుటుంబాల కార్తీక వనభోజనాల రోజున స్థానిక వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి పొయ్యిల దగ్గరే ఉన్న అమ్మలకు, అక్కలకు ప్రత్యేకంగా నమస్కారం. దప్పళం వాసన ఇక్కడిదాకా వస్తోంది. గుండిగలు దిగేలోపు నేను చెప్పాల్సింది చెప్పేస్తాను.

శాకాహారానికీ మనసు ఆరోగ్యానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. కార్తీకంలో ఈ మాట ఎత్తడానికి మన రాయగడ కన్నా తగిన ఊరు లేదనుకుంటాను. ఇక్కడ కార్తీకం రెండుసార్లు మొదలవుతుంది, రెండుసార్లు ముగుస్తుంది. ఒడియావాళ్ళకి కుమార పున్నమి, అంటే మన ఆశ్వయుజ పున్నమి, మర్నాడే నెల పట్టేస్తుంది. మనకి దీపావళి వెళ్ళాక, పాడ్యమి నుంచి. కార్తీక పున్నమితో వాళ్ళ నెల అయిపోతుంది, మర్నాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి మళ్ళీ నీచు తినే రోజు. ఆ రోజు తెల్లారేసరికి చేపల బజారులోనూ మాంసం కొట్ల దగ్గరా నిలబడడానికి చోటుండదు. మనకేమో పోలి పాడ్యమి దాకా ఇంకో పదిహేను రోజులుంటుంది. తెలుగు, ఒడియా కలిసిన ఇళ్ళలో అత్తింటి లెక్కా పుట్టింటి లెక్కా రెండూ పాటించి, నెలన్నరపాటు నీచు ముట్టని కోడళ్ళు నాకు తెలుసు.

ఈ రోజుల్లో నా దగ్గరకి వచ్చే ఆడవాళ్ళు రెండు రకాల మాటలు చెబుతారు. "డాక్టరమ్మా, నీచు మానేశాక ఒళ్ళు తేలికపడింది, మనసు కుదురుగా ఉంది" అని కొందరు. "కార్తీకం వచ్చిందంటే చాలు నీరసం, చిరాకు, ఊరికే ఏడుపొస్తుంది" అని కొందరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటావిడ ఇంట్లో ఈ నెలంతా పప్పు, ఆకుకూరలు, పళ్ళు, పెరుగు ఎక్కువవుతాయి. పొద్దున్నే లేస్తారు, గుడికి నడుస్తారు, నలుగురితో మాట్లాడతారు. రెండో ఆవిడ ఇంట్లో చేప, గుడ్డు తీసేస్తారు, వాటి బదులు ఏమీ రాదు. అన్నం, ఆవకాయ, చారు. సోమవారాలు ఉపవాసం, నక్షత్రం కనబడేదాకా టీ మీద టీ. ఆవిడ కూడా శాకాహారమే తింటోంది. కానీ ఆ శాకాహారం వేరు, ఈ శాకాహారం వేరు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే: మనసుకి మేలు చేసేది విస్తట్లోంచి తీసేసిన వస్తువు కాదు, విస్తట్లో వడ్డించిన వస్తువు.

పరిశోధనల సంగతి చూద్దాం. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే ప్రొఫెసరు బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. దాని పేరు స్మైల్స్. డిప్రెషన్ ఉన్న 67 మందిని తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవాళ్ళే. ఒక గుంపుకి 12 వారాలపాటు పోషకాహార నిపుణులు తిండి మార్చుకోవడం నేర్పారు. ముడి ధాన్యాలు, కూరగాయలు, పళ్ళు, పప్పుదినుసులు, గింజలు పెంచారు. మిఠాయిలు, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు తగ్గించారు. రెండో గుంపుకి తిండి జోలికి వెళ్ళకుండా, ఎవరో ఒకరు కూర్చుని స్నేహంగా కబుర్లు చెప్పారు. చివరికి లెక్క చూస్తే తిండి మార్చుకున్నవాళ్ళలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. కబుర్ల గుంపులో 8 శాతం మందే.

ఇదే వార్త వాట్సాప్‌లోకి వచ్చేసరికి "మాంసం మానేస్తే డిప్రెషన్ పోతుందని శాస్త్రవేత్తలు తేల్చారు" అని మారిపోయింది. ఆ ప్రయోగంలో వాళ్ళు మాంసం మానలేదు. చేపలు తిన్నారు, గుడ్లు తిన్నారు, కొవ్వు తక్కువున్న మాంసం కూడా కొంచెం తిన్నారు. మొక్కల నుంచి వచ్చే తిండి ప్రధానమైంది, అంతే. పైగా 67 మంది అంటే చిన్న లెక్క, తాము ఏ గుంపులో ఉన్నామో వాళ్ళకి తెలుసు కూడా. అయినా నేను ఈ ప్రయోగాన్ని తేలిగ్గా తీసుకోను. మందులు వాడుతూనే తిండి బాగుచేసుకున్నవాళ్ళు అదనంగా బాగుపడ్డారు. నా పేషెంట్లకి నేను చెప్పగలిగినంత ధైర్యమైన మాట అది.

ఆస్ట్రేలియాలోనే ఇంకో పరిశీలన, 2016లో వచ్చింది. 12 వేలకు పైగా జనాన్ని కొన్నేళ్ళపాటు గమనించారు. పళ్ళు, కూరగాయలు పెంచుకున్నవాళ్ళకి రెండేళ్ళలో జీవితం మీద తృప్తి పెరిగినట్టు కనబడింది. గుండెకి, షుగరుకి లాభం కనబడాలంటే చాలా ఏళ్ళు పడుతుంది, మనసుకి ఇంత త్వరగానా అని అందరూ ఆశ్చర్యపోయారు. అయితే ఇది గమనించడమే కానీ ప్రయోగం కాదు. బాగున్నవాళ్ళే బాగా తింటున్నారేమో అన్న అనుమానం అలాగే ఉంటుంది.

పూర్తి శాకాహారుల మీద చేసిన పరిశీలనలు మరీ చిక్కుగా ఉంటాయి. కొన్నిట్లో శాకాహారుల్లో దిగులు తక్కువ కనబడింది, కొన్నిట్లో ఎక్కువ కనబడింది. ఎక్కువ కనబడినచోట కూడా మాంసం మానేయడం వల్ల దిగులు వచ్చిందా, దిగులు వచ్చాక తిండి మీద కట్టుబాట్లు పెట్టుకున్నారా తెలియదు. ఈ రెండో సంగతిని మనం పట్టించుకోం కానీ అది చాలా ముఖ్యం. చివర్లో టైముంటే దాని దగ్గరికి వస్తాను.

మెదడు మన ఒంటి బరువులో రెండు శాతమే ఉంటుంది. కానీ మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు ఇరవై శాతం అదే వాడుకుంటుంది. శక్తి ఒక్కటే చాలదు, ఇనుము కావాలి, ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి, బి12 కావాలి. మనసు స్థితిని నడిపే సెరొటోనిన్, డోపమిన్ లాంటి రసాయనాల తయారీలో ఈ మూడింటికీ పాత్ర ఉంది. నేను వీటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఊళ్ళో మన ఆడవాళ్ళకి కొరతగా ఉన్నవి ఇవే.

ఫోలేట్ మాట వస్తే మన తెలుగువాడిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. అది ఒంట్లో ఫోలేట్ నిలవనివ్వని జబ్బు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ రసంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1931లో రాశారు. ఆ రసంలో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఆ పదార్థాన్ని, అంటే ఫోలేట్‌ని, వేరుచేశారు. 1945లో లెడర్లే మందుల కంపెనీలో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఇవాళ గర్భిణులకి అంగన్వాడీలో, ఆసుపత్రిలో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక ఆ మనిషి ఉన్నాడు. అంత గొప్ప పదార్థం పెరట్లో తోటకూరలో, మునగాకులో, పెసల్లో, శనగల్లో ఉంది. ఫోలేట్ తక్కువైనవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువగా కనబడుతుందనీ, వాళ్ళకి డిప్రెషన్ మందులు కూడా సరిగ్గా పట్టకపోవచ్చుననీ మా వైద్యులకి చాలాకాలంగా తెలుసు.

ఆకుకూరల విషయంలో మనం ఒడియావాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. వాళ్ళ భోజనంలో సాగొ, అంటే ఆకుకూర, లేని పూట అరుదు. మునగాకు, పొన్నగంటి, గుమ్మడి ఆకు, ఏది దొరికితే అది వెల్లుల్లి వేసి మగ్గపెడతారు. బుధవారం చాటికోన సంతకి వెళ్ళిన వాళ్ళకి తెలుస్తుంది, నియమగిరి కొండల మీంచి డొంగ్రియా కంధులనే గిరిజనులు ఎన్ని రకాల ఆకులు, దుంపలు, కందులు, చిరుధాన్యాలు దించుతారో. మనం మాత్రం మార్కెట్‌కి వెళ్ళి బంగాళాదుంప, టమాటా కొనుక్కుని వచ్చేస్తాం.

ఇక ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 64 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రలో ఇంచుమించు 59. ఏ వైపు చూసినా సగానికి పైనే. రక్తం తక్కువైన మనిషి ఎలా ఉంటుంది? పొద్దున్న లేవబుద్ధి కాదు, మెట్లెక్కితే ఆయాసం, ఎవరు పలకరించినా విసుగు, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్ళు "ఈవిడ ఎప్పుడూ ఇంతే, మూతి ముడుచుకుని కూర్చుంటుంది" అంటారు. ఆవిడ కూడా తన స్వభావమే అంత అని నమ్మేస్తుంది. దయచేసి ఆ మాట అనేముందు హిమోగ్లోబిన్ చూపించండి.

మొక్కల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. దానికి తోడు కావాలి. ఆ తోడు విటమిన్ సి. మనం ఇవాళ కూర్చున్నది ఉసిరి చెట్టు కింద. నారింజతో పోలిస్తే ఉసిరికాయలో విటమిన్ సి కనీసం ఐదారు రెట్లు ఎక్కువ. పప్పు, ఆకుకూర తినే పూట ఉసిరికాయ ముక్కో, నిమ్మరసమో పడితే ఇనుము బాగా పడుతుంది. అదే పూట వెంటనే టీ తాగితే దారి మూసుకుపోతుంది. టీ మానేయమని నేను చెప్పను, చెప్పినా మానరు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత మాత్రం వద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది.

చోళ్ళ, అదే రాగుల, సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన అమ్మమ్మలు చోడి అంబలి చేసే పద్ధతి గుర్తుంది కదా. పిండిని రాత్రి నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దున్నకి పులిశాక, నూకలు ఉడుకుతున్న ఎసట్లో పోసి గరిటెతో అడుగంటకుండా తిప్పేవాళ్ళు. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్క. ఆ పులియబెట్టడంలో మంచి కిటుకుంది. గింజల్లో ఫైటేట్ అని ఒకటుంటుంది, అది ఇనుముని, జింకుని పట్టి ఉంచి ఒంట్లోకి వెళ్ళనివ్వదు. పులియబెడితే, మొలకెత్తిస్తే ఆ పట్టు సడలుతుంది. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టినప్పుడు ముందు ఎంచుకున్న ఏడు జిల్లాల్లో మన రాయగడ ఒకటి. పండించేది ఇక్కడ, తినాల్సిన మనం వదిలేశాం. బట్వాడా అయ్యే ఓట్స్ డబ్బా మీద ఉన్న నమ్మకం ఒడియావాళ్ళు మాండియా అనే మన చోళ్ళ మీద లేదు.

ఇప్పుడు బి12. ఇది ఒక్కటి కాస్త ఓపిగ్గా వినండి.

మొక్కలు బి12 తయారుచేయవు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే మనకి నమ్మకంగా దొరుకుతుంది. చద్దన్నంలో, ఒడియావాళ్ళ నీళ్ళన్నం పఖాళలో పుష్కలంగా ఉందని వీడియోలు తిరుగుతున్నాయి. చద్దన్నం మంచిదే, హాయిగా తినండి, కానీ బి12 కోసం దాన్ని నమ్ముకోవద్దు. రోజుకి కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే. గాదెలో ధాన్యంలాగా కాలేయంలో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి కార్తీకం ఒక్క నెల నీచు మానేస్తే బి12 కొరత రాదు. ఏళ్ళ తరబడి మానేసినవాళ్ళకి గాదె ఖాళీ అయిన సంగతి తెలియదు.

ఒకావిడ సంగతి చెబుతాను. యాభై దాటాయి. మతిమరుపు అని తీసుకొచ్చారు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోందట, తెలిసినవాళ్ళ పేర్లు రావట్లేదట, చీటికీ మాటికీ కళ్ళనీళ్ళు. కూతురు భయపడింది, అల్జీమర్సేమోనని. నేను మాట్లాడుతుంటే ఆవిడ ఒక మాట అంది: "నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదమ్మా, వెనక ఎవరో పిలిచి చెబుతున్నారు." నాలుక చాపమన్నాను. ఎర్రగా, నున్నగా ఉంది. ఆవిడ ఒక మొక్కు మీద నీచు మానేసి చాలా ఏళ్ళయింది. పాలు పిల్లలకి, పెరుగు భర్తకి, అడుగున మిగిలిన దాంట్లో నీళ్ళు పోసుకుని మజ్జిగ అని తనకి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటుంది. ఈ రెండు మాత్రలూ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. మూడు వైపుల నుంచి దెబ్బ. పరీక్ష చేయిస్తే బి12 బాగా పడిపోయి ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. కొన్ని వారాలకి ఆవిడ తనంతట తాను ఆటో దిగి, మొహాన నవ్వుతో లోపలికి వచ్చింది. కాళ్ళ తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు. నరాలు ఎక్కువకాలం దెబ్బతింటే కొంత అలాగే మిగిలిపోతుంది. ముందే రావాల్సింది.

ఇంకో జాగ్రత్త. బి12 తక్కువున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనబడుతుంది, లోపల నరాల నష్టం సాగిపోతూనే ఉంటుంది. అందుకే మందుల షాపులో అడిగి ఏదో ఒక బలం మాత్ర తెచ్చుకోవద్దు.

పాలు, పెరుగు కలిపి రోజుకి అర లీటరు నిజంగా తీసుకునే శాకాహారికి చాలావరకు సరిపోతుంది. గుడ్డు తింటే మరీ మంచిది. పాలు కూడా మానేసినవాళ్ళు, అంటే పూర్తిగా మొక్కల తిండే తినేవాళ్ళు, బి12 మాత్ర వేసుకుని తీరాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. జంతువుల మీద దయతో అలా తింటున్నవాళ్ళంటే నాకు గౌరవం, అందుకే గట్టిగా చెబుతున్నాను.

పప్పు గురించి ఒక్క మాట. పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి రోజుకి 85 గ్రాముల పప్పుదినుసులు కావాలి. మనం నలుగురికి కలిపి చిన్న గ్లాసుడు కందిపప్పు వేసి, అందులో సగం నీళ్ళు చేసి పప్పుచారు అంటాం. ఒడియావాళ్ళ దాల్మా చూడండి, పప్పులో పచ్చి అరటికాయ, గుమ్మడి, కంద, వంకాయ అన్నీ వేసి చిక్కగా ఉడికించి పంచఫుటణ, అంటే ఐదు దినుసుల, తాలింపు పెడతారు. అన్నం, దాల్మా, ఒక ఆకుకూర, ఒక ఉసిరి పచ్చడి. నేను మనసు బాగోలేని వాళ్ళకి రాసే భోజనం చీటీ మీద మొదట ఉండేది అదే. అదే కార్తీకంలో పూరీలు, బజ్జీలు, సగ్గుబియ్యం వడలు, స్వీట్లు తిని "నీచు ముట్టలేదు కదా" అనుకుంటే ఒంటికీ మనసుకీ ఒరిగేది లేదు.

పొట్ట గురించి కూడా ఈమధ్య చాలా వింటున్నారు. ఒంట్లోని సెరొటోనిన్‌లో తొంభై శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది నిజం. దాన్ని పట్టుకుని "పెరుగు తింటే మెదడుకి సెరొటోనిన్" అంటున్నారు, అది తప్పు. పేగుల్లో తయారైన సెరొటోనిన్ మెదడులోకి వెళ్ళలేదు, మధ్యలో అడ్డుగోడ ఉంది. పీచు తింటే పేగుల్లోని సూక్ష్మజీవులు బ్యుటిరేట్ లాంటి మేలైన పదార్థాలు తయారుచేస్తాయి, అవి వాపుని తగ్గిస్తాయి, నరాల ద్వారా మెదడుకీ పేగుకీ రాకపోకలు ఉన్నాయి. అంతవరకు రూఢి. మనుషుల్లో అది డిప్రెషన్‌ని ఎంత మారుస్తుందన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది. పెరుగు తినండి, కారణం అది కాకపోయినా.

(సభలో ఒకరు చేప నూనె గురించి అడిగారు.)

అవును మాస్టారూ, మెదడుకి పనికొచ్చే ఒమేగా-3 అనే కొవ్వు చేపల్లో నేరుగా దొరుకుతుంది. అవిసె గింజల్లో, ఆవనూనెలో దాని పచ్చిసరుకు ఉంటుంది, మన ఒళ్ళు దాన్ని మార్చుకోగలిగేది కొంచెమే. శాకాహారులు రోజూ ఒక చెంచా అవిసె పొడి వాడితే నష్టం లేదు. చేపతో సమానం అని మాత్రం చెప్పలేను.

ఇంకొక సంగతి చెప్పకుండా వెళితే నా మనసు ఒప్పదు. మన జిల్లాలో మాంసం, పాలు, గుడ్లు లేకుండా తినే జనం చాలామంది ఉన్నారు, అది వాళ్ళ ఎంపిక కాదు. 2001లో మన కాశీపూర్‌లో మామిడి టెంకలోని జీడితో కాచిన జావ తాగి జనం చనిపోయారన్న వార్త దేశమంతా వెళ్ళింది. ఆ జావ కూడా మొక్కల తిండే. లేమిని శాకాహారం అని పిలిచి మెచ్చుకోకూడదు. మన ఇళ్ళలో పనికి వచ్చే అమ్మాయికి "నీరసం, తల తిరుగుతోంది" అంటే గ్లూకోజు నీళ్ళు ఇచ్చి పంపేస్తాం. ఆ అమ్మాయి పొద్దున్న ఏం తిని వచ్చిందో అడుగుదాం. స్కూల్లో మన పిల్లల పక్కన కూర్చునే పిల్లవాడికి బడిలో ఇచ్చే గుడ్డు మీద అభ్యంతరాలు పెట్టేవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే, వాళ్ళు కూడా ఒక్కసారి ఆలోచించాలి.

మన పెద్దవాళ్ళ మాట కూడా చెప్పాలి. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉంటారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన ఇంటికి బీపీ చూడడానికి వెళ్ళాను. గట్టు మీద కుక్కర్ గిన్నెలో రెండు పూటలకీ వండిన అన్నం, పక్కన ఆవకాయ జాడీ, అంతే. కూరగాయల బుట్టలో వడిలిన అల్లం ముక్క ఒకటి ఉంది. "నా ఒక్కడికి ఏం వండుకోను తల్లీ" అన్నాడు. ఆయనకి ఏ ఆహార సలహా చెప్పినా దండగే. ఎదురింటి ఒడియా కుటుంబంతో మాట్లాడి మధ్యాహ్నం భోజనం వాళ్ళతో కూర్చుని తినేలా ఏర్పాటు చేశాం, ఆయన నెలనెలా డబ్బు ఇస్తాడు. బరువు పెరిగాడు, మాట పెరిగింది. జపాన్‌లో వృద్ధుల మీద చేసిన పరిశీలనల్లో ఒంటరిగా తినే మగవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువ కనబడ్డాయి. వనభోజనాలు సంవత్సరానికి ఒకసారే ఎందుకు పెట్టుకోవాలో నాకు తెలియదు. కమిటీవాళ్ళు దీని మీద నిజంగా ఆలోచించాలి. నెలకొకసారైనా ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టి వడ్డిద్దాం, ఖర్చులో నా వంతు నేను ఇస్తాను.

చివరగా, తిండితో అన్నీ తగ్గవు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 18 ఏళ్ళు దాటిన ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చింది. రెండు వారాలకి మించి దిగులు, నిద్ర లేకపోవడం, ఆకలి పోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది జబ్బు. దానికి వైద్యం ఉంది. థైరాయిడ్ తగ్గినా ఇలాగే కనబడుతుంది, అది కూడా చూడాలి. డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్ళు ఈ ప్రసంగం విని రేపటి నుంచి మాత్రలు మానేసి మునగాకు తినకండి. మునగాకు తినండి, మాత్రలు కూడా వేసుకోండి. డాక్టరు దగ్గరకి రావడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, 2022లో మొదలైంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇప్పుడు ఎవరైనా అడగండి.

(ఒక మహిళ: "మా అమ్మాయి విశాఖలో చదువుతోందండి. మొదట మాంసం మానేసింది, తర్వాత గుడ్డు, ఇప్పుడు పాలు కూడా వద్దంటోంది. ఫోన్‌లో గొడవ పడుతున్నాం. ఏం చేయాలి?")

గొడవ ఆపేయండి పిన్నీ, ముందు అది. ఇందాక చెప్పిన రెండో సంగతి, దిగులు వచ్చాక తిండి మీద కట్టుబాట్లు పెట్టుకోవడం, ఇదే. జంతువుల మీద ప్రేమతో మానేసి, పప్పులు, గింజలు శుభ్రంగా తింటూ, స్నేహితులతో హాయిగా ఉంటే ఆ అమ్మాయికి బి12 మాత్ర కొనిపెట్టి, సంతోషంగా వదిలేయండి. అలా కాకుండా రోజురోజుకీ తినే వస్తువులు తగ్గిపోతూ, అందరితో కూర్చుని తినడం మానేసి, బరువు పడిపోయి, నెలసరి తప్పుతూ ఉంటే అక్కడ శాకాహారం పేరుతో ఇంకేదో జరుగుతోంది. అది తిండికి సంబంధించిన మానసిక సమస్య కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, హాస్టల్లో ఇంకేదైనా ఇబ్బంది కావచ్చు. "ఏం తిన్నావు" అని అడగకండి, పరీక్షలా ఉంటుంది. "ఎవరితో తిన్నావు" అని అడగండి, కబుర్లలోంచి చాలా తెలుస్తుంది. సంక్రాంతికి ఇంటికి వస్తుంది కదా, ఒకసారి నా దగ్గరకి తీసుకురండి. మీరు బయట కూర్చోండి, మేమిద్దరం మాట్లాడుకుంటాం. ఈలోగా బరువు తగ్గిందనిపిస్తే మాత్రం సంక్రాంతి దాకా ఆగకండి, మీరే రైలెక్కి వెళ్ళండి.